టీఎల్431 మీద నా అభిప్రాయం: ఇష్టమూ ఎల్‌ఈడీ రెసిస్టర్ దగ్గరే, కోపమూ అక్కడే

12 వోల్టులు, 24 వోల్టుల ఫ్లైబ్యాక్ సప్లైలు (మెయిన్స్‌ని ట్రాన్స్‌ఫార్మర్ గుండా డీసీగా మార్చే స్విచింగ్ పవర్ సప్లైలు) డిజైన్ చేయడం నా వృత్తి. వాటిలో ఎర్రర్ యాంప్లిఫయర్‌గా, అంటే అవుట్‌పుట్‌ని తన రిఫరెన్స్ వోల్టేజీతో పోల్చి తేడాని పెద్దది చేసే చిప్‌గా, ఏళ్ల తరబడి టీఎల్431నే వాడుతున్నాను. దానికి తోడు ఆ సంకేతాన్ని లోపలి ఎల్‌ఈడీ వెలుగుతో అవతలికి చేర్చే పీసీ817 ఆప్టోకప్లర్ (ఆప్టో), అవతలి వైపు స్విచింగ్ నడిపే కంట్రోలర్ చిప్ యూసీ3842. రిఫరెన్స్ ఎంత, కాళ్లెన్ని, ధరెంత అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నదంతా ఆప్టో ఎల్‌ఈడీకి సిరీస్‌లో పెట్టే ఆ ఒక్క రెసిస్టర్ గురించే.

సర్క్యూట్ చూస్తే ఫీడ్‌బ్యాక్‌కి దారి ఒక్కటే ఉన్నట్టు కనిపిస్తుంది: అవుట్‌పుట్‌ని భాగించే రెండు రెసిస్టర్ల డివైడర్ నుంచి 431 రిఫరెన్స్ కాలికి, అక్కణ్నుంచి దాని కాథోడ్‌కి. కానీ ఎల్‌ఈడీకి కరెంటు వచ్చేది కూడా అదే అవుట్‌పుట్ నుంచి కదా. అవుట్‌పుట్ కాస్త ఊగితే చాలు, కాథోడ్ కదలకపోయినా రెసిస్టర్‌లో కరెంటు మారిపోతుంది. అంటే 431తో సంబంధం లేకుండా నేరుగా ఆప్టోకి చేరే రెండో దారి ఒకటుంది. డిజైనర్లు దీన్నే ఫాస్ట్ లేన్ అంటారు.

నాకు ఈ పార్టు అంతగా నచ్చడానికి కారణం ఈ దారే. మామూలు ఆప్‌యాంప్‌తో టైప్ 2 కంపెన్సేషన్ (ఫీడ్‌బ్యాక్ లూప్ ఊగకుండా గెయిన్‌నీ ఫేజ్‌నీ సర్దడం) చేయాలంటే కెపాసిటర్‌కి సిరీస్‌లో ఒక రెసిస్టర్ పెట్టి జీరో, అంటే ఫేజ్‌ని పైకి లేపే ఫ్రీక్వెన్సీ, తెచ్చుకోవాలి. ఇక్కడ కాథోడ్‌కీ రిఫరెన్స్‌కీ మధ్య ఒట్టి కెపాసిటర్ చాలు, జీరో దానంతటదే వస్తుంది. డివైడర్ పై రెసిస్టర్ 38 కిలో ఓమ్‌లు, కెపాసిటర్ 22 నానోఫారడ్‌లు అయితే జీరో 190 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. యూసీ3842 వైపు కాంప్ కాలి దగ్గర చిన్న కెపాసిటర్ వేస్తే పోల్ (పై ఫ్రీక్వెన్సీల్లో గెయిన్‌ని తగ్గించేది) కూడా వచ్చేస్తుంది. అవుట్‌పుట్‌లో రెండో ఎల్‌సీ ఫిల్టర్ ఉన్నప్పుడు ఇంకా హాయి. ఎల్‌ఈడీ రెసిస్టర్‌ని కాయిల్‌కి ముందూ, డివైడర్‌ని కాయిల్ తర్వాతా కలిపితే, డీసీ వోల్టేజీ కచ్చితంగా నిలబడుతుంది, ఫాస్ట్ లేన్‌కి ఆ ఫిల్టర్ ఫేజ్ ఆలస్యం అంటదు. నా బోర్డుల్లో ఇది ఎప్పుడూ నన్ను నిరాశపరచలేదు.

ఇక కోపం సంగతి.

సీసీ కెమెరాల కోసం చేసిన 12 వోల్టుల సప్లైలు చాలాకాలం ఏ ఫిర్యాదూ లేకుండా నడిచాయి. ఒక కొత్త లాట్ వెళ్లాక ఫోన్లు మొదలయ్యాయి. పగలంతా బాగానే ఉంటుంది, చీకటి పడగానే డబ్బాలోంచి సన్నగా కీచుమని శబ్దం, తెర మీద పైకి పాకే గీతలు. అన్నీ సాయంత్రం వోల్టేజీ బాగా పడిపోయే ఊళ్ల నుంచే.

ఒక సప్లై వెనక్కి తెప్పించి బెంచి మీద పెట్టాను. వేరియాక్‌తో ఇన్‌పుట్ 170కి దించి, లోడ్‌ని మాస్‌ఫెట్‌తో వేస్తూ తీస్తూ స్కోప్‌లో చూశాను. పాత లాట్ బోర్డు అయితే అవుట్‌పుట్ ఒకసారి కుంగి, లేచి, నిలబడేది. ఇది కుంగి లేచి మళ్లీ కుంగుతూనే ఉంది, ఊగడం ఆగదు. కెపాసిటర్లు మార్చినా అదే తీరు. చివరికి భూతద్దం పెట్టి ఆప్టో మీద అక్షరాలు చదివితే విషయం బయటపడింది. పాత బోర్డుల్లో 817 పక్కన బీ ఉంది, దీంట్లో డీ. కోఠిలో మాకు సరుకిచ్చే దుకాణంవాళ్లు బీ దొరకలేదని, చెప్పకుండా డీ రీలు పంపించారు.

సీటీఆర్ అంటే ఎల్‌ఈడీ కరెంటులో ఎంత శాతం ఆప్టో అవతలి వైపు వస్తుందనేది. బీ గ్రేడు సీటీఆర్ 130 నుంచి 260 శాతం, డీ గ్రేడుది 300 నుంచి 600. ఫాస్ట్ లేన్ గెయిన్ అంటే సీటీఆర్‌ని ఆప్టో అవతలి వైపు ఉండే పుల్‌అప్ రెసిస్టర్‌తో గుణించి, ఎల్‌ఈడీ రెసిస్టర్‌తో భాగిస్తే వచ్చేదే. 130 ఉన్న చోట 600 పడితే లూప్ గెయిన్ 13 డెసిబెల్స్ లేస్తుంది. క్రాసోవర్ (లూప్ గెయిన్ ఒకటికి దిగే ఫ్రీక్వెన్సీ) పైకి పోతుంది. పైగా సీటీఆర్ ఎక్కువున్న ఆప్టో మామూలుగా నెమ్మది కూడా. రాత్రయ్యేసరికి కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి లోడ్ పెరుగుతుంది, మెయిన్స్ వోల్టేజీ పడిపోతుంది, ఫ్లైబ్యాక్ కంటిన్యుయస్ మోడ్‌లోకి (ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు సున్నాకి చేరని స్థితికి) వెళ్తుంది, దాని ఆర్‌హెచ్‌పీ జీరో (గెయిన్‌ని పెంచుతూనే ఫేజ్‌ని తగ్గించే జీరో) తక్కువ ఫ్రీక్వెన్సీకి జారుతుంది. గెయిన్ పెరిగిన చోటే ఫేజ్ తరిగింది. ఇక ఊగక ఏం చేస్తుంది?

దీంట్లో బాధ ఏమిటంటే, కంపెన్సేషన్ కెపాసిటర్ ఎంత పెంచినా ఈ గెయిన్ తగ్గదు. అది 431 దారిని మాత్రమే అణుస్తుంది, రెండో దారి అలాగే ఉంటుంది. తగ్గించాలంటే ఎల్‌ఈడీ రెసిస్టర్‌నే పెంచాలి. మా బోర్డులో ఒక కిలో ఓమ్ తీసి 2.2 కిలో ఓమ్‌లు పెట్టాను, గెయిన్ దాదాపు 7 డెసిబెల్స్ దిగింది. 431కి కనీసం కావాల్సిన ఒక మిల్లీయాంప్ కోసం ఎల్‌ఈడీకి సమాంతరంగా ఒక కిలో ఓమ్ రెసిస్టర్ ముందే ఉంది కాబట్టి అటు ఇబ్బంది రాలేదు. కీచు శబ్దం పోయింది. అయినా ఆర్డర్‌లో ఇప్పుడు గ్రేడు అక్షరంతో సహా రాయిస్తున్నాను, సరుకు రాగానే చూడమని స్టోర్‌లో చెప్పాను.

పైన హాయి అన్నాను కదా, అది 12 వోల్టులూ ఆపై మాట. అక్కడ 431కీ ఎల్‌ఈడీకీ పోగా రెసిస్టర్‌కి ఎనిమిది వోల్టులు మిగులుతాయి, పెంచుకోవడానికి చోటుంది. 5 వోల్టుల అవుట్‌పుట్‌లో 2.5 431కి, 1.2 ఎల్‌ఈడీకి పోతే మిగిలేది 1.3. రెసిస్టర్ వెయ్యి ఓమ్‌లు కూడా దాటనివ్వదు, గెయిన్ అది చెప్పినట్టు మనం ఒప్పుకోవాల్సిందే. అక్కడ నేను 1.24 వోల్టుల టీఎల్‌వీ431కి మారిపోయాను. ఇంకో మాట, నాయిస్ పోతుందని కాథోడ్‌కీ ఆనోడ్‌కీ మధ్య 100 నానోఫారడ్ వేసేవాళ్లున్నారు. దయచేసి వేయకండి, డేటాషీట్‌లో అస్థిరంగా ఉంటుందని గీసిన ప్రాంతం సరిగ్గా అక్కడే ఉంది.

నాలాగా 20 నుంచి 40 వాట్ల సప్లైలు, 12 లేదా 24 వోల్టులకు చేసేవాళ్లయితే, ఆప్టో గ్రేడు మీ చేతిలో ఉంటే, ఇదే తీసుకోమంటాను. ఆప్టోలు ఏ రోజు ఏ లాట్ వస్తుందో తెలియని చోట పనిచేస్తుంటే మాత్రం, రాగల గ్రేడుల్లోని అత్యధిక సీటీఆర్‌తో, తక్కువ ఇన్‌పుట్, నిండు లోడ్ మీద లూప్ చూసుకున్నాకే బోర్డు బయటికి పంపండి.