డార్జిలింగ్ కొండల్లో నాలుగు రోజులు, జోర్హాట్‌లో మూడు

మే ఆఖరి వారంలోనే వెళ్లాలని పట్టుబట్టింది నేనే. రద్దీ ఎక్కువ, గదులు దొరకవు, వానలు ముంచుకొస్తాయని ఇంట్లోవాళ్లు వద్దన్నారు. కానీ డార్జిలింగ్ కొండల్లోనూ, అస్సాం మైదానంలోనూ రెండో కోత నడిచే రోజులవి. అక్కడివాళ్లు సెకండ్ ఫ్లష్ అంటారు. ఈ రెండు బ్లాక్ టీలనూ పుట్టినచోటే తాగి చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక.

మొదట డార్జిలింగ్ ఊళ్లో దిగాం. కాంచనజంగ కనిపించే గదికని డబ్బు కట్టించుకుని, ఎదుటి బిల్డింగ్ గోడ కనిపించే గది ఇచ్చారు. వేడినీళ్లు పొద్దున గంటసేపే. మర్నాడే ఖాళీ చేసి కర్సియాంగ్ దిగువన ఒక హోమ్‌స్టేకి మారాం. ఈ యాత్రలో మేం చేసిన మంచి పని అదే.

చెక్క ఇల్లు, రెండే గదులు, పెరటి మెట్లు దిగితే టీ మొక్కలు. ఇంటావిడని అందరిలాగే మేమూ దీదీ అని పిలిచాం. తోటలో ఏళ్ల తరబడి ఆకు కోసిన మనిషి. ఒక చిగురు తుంచి నా అరచేతిలో పెట్టింది. అంచులు పసుపెక్కి, లోపలికి ముడుచుకుని, చూడ్డానికి తెగులు పట్టినట్టుంది. పచ్చదోమ రసం పీల్చిన ఆకట. "పారేస్తామనుకున్నారా? దీనికోసమే ఏడాదంతా చూస్తాం" అంది. పురుగు కుట్టినప్పుడు మొక్క తనను కాపాడుకోవడానికి కొన్ని సువాసన పదార్థాలు తయారుచేస్తుంది. బాగా పండిన ద్రాక్షను తలపించే మస్కటెల్ వాసనకి మూలం అదే. మార్చి, ఏప్రిల్‌లలో వచ్చే తొలి కోత టీ లేత రంగులో, పూల వాసనతో ఉంటుంది. రెండో కోత టీ రాగి రంగు తిరిగి, నోట్లో ఇంకాస్త నిలుస్తుంది. దీదీ రెండూ పక్కపక్కన కాచి ఇచ్చింది, పాలు దగ్గరికి రానివ్వలేదు.

ఫ్యాక్టరీ చూడటానికి మొదట సోమవారం వెళ్లాం. ఆదివారం కోత లేదు కాబట్టి యంత్రాలు ఆగి ఉన్నాయి. టికెట్ ఇచ్చినవాళ్లు ఆ మాట ముందు చెప్పలేదు. మంగళవారం మళ్లీ వెళ్తే కన్నులపండుగ. రాత్రంతా జల్లెడ తొట్లలో వాడబెట్టిన ఆకు గుప్పిట్లో నలిపితే పెళపెళమనకుండా మెత్తగా ఉండలా నిలిచింది. దాన్ని రోలర్లలో నలిపి పరిస్తే, చూస్తుండగానే పచ్చదనం పోయి రాగి రంగుకి తిరుగుతుంది. అక్కడివాళ్లు ఫర్మెంటేషన్ అంటారు గానీ, నిజానికి ఆకు పులియదు, గాలి తగిలి ఆక్సీకరణ జరుగుతుంది. తర్వాత వేడిగాలితో ఆరబెట్టి ఆపేస్తారు.

డార్జిలింగ్‌లో 1841లో డాక్టర్ క్యాంప్‌బెల్ నాటినవి చైనా జాతి విత్తనాలు. ఇప్పటికీ పాత తోటల్లో ఆ చిన్న ఆకు పొదలే ఎక్కువ. ఈ టీకి 2004లో మన దేశంలోనే మొదటి జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందనే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అయినా డ్రైవర్ తీసుకెళ్లిన ఒక దుకాణంలో ఫస్ట్ ఫ్లష్, అంటే తొలి కోత, అని అంటగట్టిన డబ్బా విప్పితే అట్టపెట్టె వాసన. తోట పేరు, కోత, సంవత్సరం మూడూ రాసి లేనిది కొనకండి.

రాత్రి రైల్లో బయల్దేరి మరియానీలో దిగి జోర్హాట్ చేరాం. ఇక్కడ నేల చదును, గాలి ఉక్క, ఆకు నా చెయ్యంత వెడల్పు. ఇది అస్సాం సొంత జాతి. 1823లో స్కాట్లాండ్ వ్యాపారి రాబర్ట్ బ్రూస్ కంటపడేనాటికే ఇక్కడి సింగ్ఫో తెగ ప్రజలు దీన్ని కాచుకుని తాగుతున్నారు. మేం దిగిన పాత ప్లాంటర్ బంగ్లా వరండా అద్భుతం, భోజనం సరిగ్గా వేళకి. ఆ వేళ మాత్రం బాగాన్ టైమ్, అంటే టీ తోటలు పాటించే సమయం, మన గడియారం కంటే గంట ముందు. మొదటి రోజు అది తెలీక టిఫిన్ దాటిపోయింది. దీదీ ఇంటికి కట్టినదానికి మూడింతలు కట్టాం, ఫ్యాక్టరీ లోపలికి మాత్రం అనుమతి విడిగా తెచ్చుకోమన్నారు.

రుచి చూపించే బల్ల దగ్గర మేనేజర్‌గారు ఓపిగ్గా కూర్చోబెట్టారు. ఒకే తోట ఆకు, రెండు కప్పులు. పాత పద్ధతిలో ఆకును నలిపి చేసే పొడుగాకు ఆర్థోడాక్స్‌లో తేనె తీపి, మొలకెత్తించి వేయించిన బార్లీలాంటి మాల్ట్ వాసన. రంపంలా పళ్లున్న రోలర్ల మధ్య చితికి గింజకట్టిన సీటీసీ రకంలో చిక్కటి ఎరుపు, వగరు, పాలు పోసినా తగ్గని గట్టిదనం. చివర్లో పైన్ కట్టెల పొగకి ఆరబెట్టిన చైనా లాప్సాంగ్ సూచాంగ్ కూడా ఇచ్చారు. గుక్క దిగాక కూడా పొయ్యి దగ్గర కూర్చున్నట్టే ఉంది. నాకు నచ్చింది, మా ఆవిడ కప్పు పక్కకి జరిపేసింది.

వారం సెలవు దొరకనివాళ్లు బంగ్లా మోజు వదిలి కర్సియాంగ్‌కే నాలుగు రోజులివ్వండి. దీదీ కట్టిచ్చిన పొట్లం మీద పెన్సిల్‌తో కోసిన తేదీ ఉంది. ఇంకా సగం మిగిలింది, పొదుపుగా తాగుతున్నాం.