కళాయి పూయించాలంటే కర్నూలు పాతూరికి వెళ్లండి

మా అవ్వ వాడిన ఇత్తడి గుండిగ పదేళ్లుగా అటక మీదే ఉంది. లోపల కళాయి, అంటే తగరం పూత, మొత్తం పోయింది, పులుసు కాస్తే చిలుము వాసన. ఒక పెద్ద షాపులో అడిగితే "తూకానికి వేసేయండి, కొత్తది తీసుకోండి" అన్నారు. ప్రాణం చివుక్కుమంది. చివరికి అమ్మ చెబితే కొండారెడ్డి బురుజు దాటి వన్‌టౌన్ సందుల్లోకి పట్టుకెళ్లాను. బోర్డు కూడా లేని చిన్న కొట్టు, గిన్నెల అంగళ్ల వాళ్లను అడిగితే చూపిస్తారు.

పెద్దాయన గుండిగను ఇసుకతో తోమి, బొగ్గుల మీద తిప్పుతూ కాల్చి, చిటికెడు నవాసారం (అమ్మోనియం క్లోరైడ్ పొడి) చల్లాడు. తెల్లటి పొగ గుప్పుమంది. ఆ వేడి మీదే తగరం కడ్డీ అలా తాకించి, దూది ఉండతో గుండ్రంగా రుద్దుతుంటే అప్పటిదాకా నల్లగా ఉన్న అడుగు మన కళ్లముందే వెండిలా తెల్లబడుతుంది, ఎక్కడా చారల్లేవు, అంచు దాకా సమంగా పాకింది. వెంటనే నీళ్లలో ముంచితే చుయ్‌మంది. అయిదు వందలు తీసుకున్నాడు. "చింతపండుతో తోముకోండమ్మా, ఇనుప పీచు తాకనీయొద్దు, ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టొద్దు" అని రెండుసార్లు చెప్పాడు. తగరం తక్కువ వేడికే కరుగుతుంది కదా, అందుకు.

లోపాలు కూడా చెప్పాలి. సాయంత్రానికి ఇస్తానన్నాడు, తీరా వెళ్తే పని మొదలే పెట్టలేదు, మర్నాడు దగ్గర కూర్చుని చేయించుకోవాల్సి వచ్చింది. బండి పెట్టడానికి చోటు లేదు, బురుజు దగ్గర పెట్టి నడవడమే మేలు.

ఆ కూర్చున్న గంటలోనే 2009 వరద సంగతి వచ్చింది. హంద్రీ తుంగభద్రలో కలిసే చోట ఉన్న పాతూరు ఇది, ఆ అక్టోబర్ 2న రెండు నదులూ ఒకేసారి మీదపడ్డాయి. బట్టల అంగళ్లలో సరుకంతా బురదపాలైంది. "మా గిన్నెలు కడిగితే వచ్చాయి, కొలిమి మాత్రం మళ్లీ కట్టుకున్నాం" అన్నాడు పెద్దాయన. పక్క అంగళ్లవాళ్లూ అంతే, ఎవరికి వాళ్లు బురద ఎత్తిపోసుకుని షట్టర్లు తెరిచారు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు, రాజధాని పోయింది కానీ బజారు నిలబడింది, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది. అసలు కందెనవోలు అనే పాత పేరే బండి చక్రాలకు కందెన పూసుకునే చోటు కాబట్టి వచ్చిందంటారు. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు ఇక్కడ ఆగి, చమురు పెట్టుకుని నది దాటేవట. అంటే బాగుచేసి పంపించే పని ఈ ఊరికి పేరంత పాతది!

ఇప్పుడు నాన్‌స్టిక్ మీద విసుగొచ్చి ఇత్తడికి మళ్లుతున్నవాళ్లు ఇక్కడికి వస్తున్నారు. నేనున్నప్పుడే ఇద్దరు కుర్రవాళ్లు వాళ్ల నాయనమ్మల గిన్నెలు తెచ్చారు. దయచేసి బేరం ఆడకండి, తగరం చాలా ఖరీదు. పొగ పడనివాళ్లు కొంచెం దూరంగా నిలబడండి. ఆదివారం గుండిగలో పప్పుచారు కాచాం, చిలుము వాసన లేదు. మా పిన్ని గిన్నెలు రెండు వచ్చే వారం పట్టుకెళ్తున్నాను.