ఒమేగాటీలో ఎక్స్‌ఎంఎల్ అనువాదం: ఒక్క నియమంతో వచ్చిన తేడా

అనువాదానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒమేగాటీ సంగతి చాలామంది అనువాదకులకు తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది దానికి తగిలించుకునే ఒకాపీ ప్లగిన్‌లో, అంటే మరిన్ని రకాల ఫైళ్లను చదవడానికి చేర్చుకునే అదనపు భాగంలో, ఒకే ఒక్క నియమం గురించి. ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను, అంటే రాతను ట్యాగులనే గుర్తుల మధ్య పెట్టే ఫైళ్లను, తెలుగు చేసేవారికి ఇంత మేలు చేసే అమరిక నాకు మరొకటి కనబడలేదు.

కావలిలో ఉండి రొయ్యల చెరువుల్లో వాడే ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు), పరీక్ష పరికరాల వాడుక పుస్తకాలు అనువదిస్తుంటాను. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రైతులు చదివేవి అవి. ఒక హెచ్చరిక చూడండి: ‘మోటారును తాకే ముందు కరెంటు ఆపండి’. ఇంగ్లీషు మూలంలో కరెంటు అన్న మాటకు బోల్డ్ ట్యాగు ఉంటుంది. ఫైలులోంచి అనువదించాల్సిన రాతను బయటికి తీసేది ఒకాపీ ఎక్స్‌ఎంఎల్ ఫిల్టరు. అది నడిచేది వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ వారి ఐటీఎస్ ప్రమాణం మీద. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ ప్రమాణం ప్రకారం ప్రతి ట్యాగూ ఒక గోడే. వాక్యం మూడు ముక్కలవుతుంది. ముక్కకు ముక్క అనువదిస్తే చివరికి అచ్చయ్యేది ‘ఆపండి కరెంటు మోటారును తాకే ముందు’. చెరువు గట్టున తడి చేతులతో నిలబడ్డ మనిషికి ఇవ్వదగిన వాక్యమా ఇది?

ఆ ట్యాగు వాక్యంలో భాగమేనని చెప్పే నియమం పేరు విత్‌ఇన్‌టెక్స్ట్. సొంత ఫిల్టరు ఫైలులో ఆ ఒక్క వరుస రాసి ప్రాజెక్టును మళ్లీ తెరవగానే వాక్యం మొత్తం ఒకే గడిలో వచ్చింది. ట్యాగు చిన్న గుర్తుగా మారింది, తెలుగు వరుసకు తగ్గట్టు ఎక్కడికైనా జరుపుకోవచ్చు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

కొన్నాళ్లకు ఒక కంపెనీ తన ఫైళ్ల నమూనా మార్చింది. అదే ఫిల్టరు, అవే ట్యాగులు, కానీ వాక్యాలన్నీ మళ్లీ ముక్కలు. ఒమేగాటీ దాచి ఉంచిన పాత అనువాదాలూ సరిగ్గా జతపడలేదు. తెర మీద ఒక్క హెచ్చరిక కూడా లేదు. నియమాన్ని అక్షరం అక్షరం సరిచూశాను, తప్పు కనబడలేదు. చివరికి పాత ఫైలునూ కొత్త ఫైలునూ మామూలు ఎడిటరులో పక్కపక్కన తెరిస్తే తేడా మొదటి ట్యాగులోనే ఉంది: కొత్తగా ఒక నేమ్‌స్పేస్ చిరునామా, అంటే ఆ ట్యాగులు ఏ కుటుంబానివో చెప్పే ఇంటిపేరులాంటిది, చేరింది. నియమంలో ట్యాగులను ఎంచుకునేది ఎక్స్‌పాత్ అనే భాషతో. ఎక్స్‌పాత్ 1.0లో ముందు గుర్తు (ప్రిఫిక్స్) లేని పేరు, నేమ్‌స్పేస్ లేని ట్యాగులకే వర్తిస్తుంది. నా నియమం ఎవరికీ తగలకుండా గాలిలో ఉండిపోయిందన్నమాట. ఆ చిరునామాకు ఒక ముందు గుర్తు ప్రకటించి, నియమంలో ట్యాగు పేరుకు దాన్ని చేర్చాక అన్నీ సర్దుకున్నాయి.

కాబట్టి పైన అన్న మాటను కొంచెం సవరించుకోవాలి. ఫైలు ఆకారం మారనంత కాలమే ఆ మేలు. బొమ్మల కింద వివరాలు ఆట్రిబ్యూట్లలో, అంటే ట్యాగు లోపలే రాసే విలువల్లో, ఉంటే అవి అనువాదానికి రానే రావు, వాటికి వేరే నియమం రాయాలి. పని మధ్యలో నియమం మారిస్తే అంతకు ముందు ముక్కలుగా చేసిన అనువాదాలు అనాథలుగా మిగులుతాయి. అందుకే నియమాలన్నీ మొదటి రోజే తేల్చుకుంటాను.

వర్డ్ ఫైళ్లే వచ్చేవారికి ఈ శ్రమ అక్కర్లేదు. నాకు ఏడాది పొడవునా ఒకే తరహా ఎక్స్‌ఎంఎల్ వస్తుంది, నియమాలు ఒకసారి రాస్తే చాలాకాలం పనికొస్తాయి. ప్రతి నెలా కొత్త కంపెనీ, కొత్త నమూనా అయితే ఇదే మాట అంటానో లేదో తెలియదు. పని ఒప్పుకునే ముందు ఒక నమూనా ఫైలు అడిగి, దాని మొదటి వరుసలు చూడడం మాత్రం మానను.