హరిత ఆడిట్ సేవ: మా కళాశాల అనుభవం

మా ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో న్యాక్ (కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) పనులు చూసే బృందంలో ఉన్నందువల్ల, గత మూల్యాంకనానికి ముందు హరిత ఆడిట్‌ (నీరు, చెత్త, చెట్ల వంటి పర్యావరణ విషయాల తనిఖీ), ఇంధన ఆడిట్‌ (విద్యుత్తు వాడకం తనిఖీ) రెండూ చేసే ఒక సంస్థను పిలిపించే బాధ్యత నాకు అప్పగించారు. అప్పట్లో న్యాక్ ఇచ్చే 1000 మార్కుల్లో సంస్థ విలువలు, ఉత్తమ పద్ధతులను చూసే ఏడో ప్రమాణానికి 100 ఉండేవి. సౌర విద్యుత్తు, ఎల్‌ఈడీ దీపాలు, ఇంకుడు గుంతలు, చెత్త నిర్వహణ వంటివాటికి ఆధారాలు చూపి, ఆడిట్ నివేదికలు జతపరచాల్సింది కూడా అందులోనే. ప్రైవేటు యాజమాన్యాలను పర్యావరణం వైపు మొదట కదిలించింది చాలాచోట్ల ఈ మార్కులేనని నా అభిప్రాయం. అయితే ఆ కదలిక నిలబడాలంటే డబ్బు ఆదా కావడం కళ్ళకు కనబడాలి. ఈ సేవలో నాకు నచ్చింది అదే.

ఇంధన ఆడిట్ బాగా చేశారు. గది గదికీ తిరిగి ఫ్యాన్లు లెక్కపెట్టి, సుమారు 75 వాట్ల పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల దరిదాపుల్లో నడిచే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు ఉండే) ఫ్యాన్లు పెడితే ఖర్చు ఎన్నేళ్ళలో తిరిగి వస్తుందో తరగతి గదులకు, హాస్టల్‌కు వేర్వేరుగా చూపారు. పగలు ఆరు గంటలు తిరిగే ఫ్యాన్‌కూ, రాత్రంతా తిరిగే ఫ్యాన్‌కూ ఒకే లెక్క కట్టకపోవడం వారి పనితనానికి గుర్తు.

నీటి పరీక్ష మరీ మెచ్చదగినది. సెలవులకు పిల్లలంతా వెళ్ళిపోయిన హాస్టల్‌పై ట్యాంకులో రాత్రి మోటారు ఆపించి, వెదురు కర్ర దించి, తడి ఎంతవరకు వచ్చిందో అక్కడ సుద్దతో గీత గీశారు. తెల్లవారి చూస్తే నీరు జానెడు దిగింది. వెతికితే మూడో అంతస్తు మరుగుదొడ్లలో ఫ్లష్ ట్యాంకుల వాల్వులు కారుతున్నాయి. ఆ వేసవంతా మేము ట్యాంకర్లు కొన్నాము! సౌర పలకల ప్రతిపాదనకు నెలల తరబడి ఆలోచించిన మా ఛైర్మన్ గారు వాల్వుల మార్పునకు ఆ పూటే అనుమతించారు.

చెత్త విషయంలో మాత్రం నిరాశపరిచారు. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థలపై అప్పట్లో అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ప్రత్యేక బాధ్యత పెట్టాయి. అలాంటప్పుడు మెస్‌లో మిగిలిన అన్నాన్ని తూకం వేయకుండా, రంగు డబ్బాల ఫొటోలతో సరిపెట్టడం సరికాదు. చెట్ల జాబితాలో ప్రహరీ వెంట ఉన్న కోనోకార్పస్ అనే విదేశీ జాతి చెట్ల వరుసను, మా పాత వేపచెట్లను ఒకే లెక్కలో కలిపేశారు. ఒక పేజీలో వేరే కళాశాల పేరు కూడా మిగిలిపోయింది. చెప్పిన వెంటనే సరిదిద్దారు గానీ, ఆ పేజీ వివరాలు మావో కావో మేమే మళ్ళీ సరిచూసుకోవలసి వచ్చింది.

విద్యుత్తు, నీటి పనులకు ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. చెత్త తూకం కనీసం వారం రోజులు వేయాలనీ, చెట్లను జాతులవారీగా లెక్కించాలనీ ఒప్పంద పత్రంలో ముందే రాయించుకోండి.