ఎయిర్‌సేవ రివ్యూ: శంషాబాద్‌లో విమానమెక్కే పాలమూరు, నల్లగొండ ప్రయాణికులకు ఏ మేరకు అక్కరకొస్తుంది?

ఎయిర్‌పోర్టులో నీళ్లు రాకపోయినా, విమానం క్యాన్సిలై డబ్బులు తిరిగి రాకపోయినా, సూట్‌కేసు చక్రం విరిగి బెల్టు మీదికొచ్చినా ఫిర్యాదు చేసుకునేందుకు కేంద్ర పౌర విమానయాన శాఖ 2016 నవంబరులో ఎయిర్‌సేవను తెచ్చింది. 2018లో కొత్త రూపమిచ్చింది. పోర్టల్ ఉంది, యాప్ ఉంది, రుసుమేమీ లేదు. మా మార్కులు ఐదుకు మూడు. డబ్బుకు, లగేజీకి సంబంధించిన చిన్న ఫిర్యాదులకు బాగానే పనికొస్తుంది. ఎయిర్‌పోర్టు ఎలా నడవాలన్న దాంట్లో జనం మాట చెల్లించుకోవడానికి మాత్రం దాదాపు పనికిరాదు.

మొదట తెలుసుకోవాల్సింది, ఇది తీర్పు చెప్పే చోటు కాదు. పోస్టుమ్యాన్ లాంటిది. మీరు రాసింది సంబంధిత సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి చేరుస్తుంది, జవాబు మీకు తెచ్చిస్తుంది. అందుకే చిరునామా తప్పితే ఉత్తరం తిరుగుతూనే ఉంటుంది. చాలా ఫిర్యాదులు చెడేది ఇక్కడే. టాయిలెట్లు, ట్రాలీలు, తాగునీరు, పార్కింగ్ ఎయిర్‌పోర్టు యాజమాన్యం కిందికి వస్తాయి. చెక్ఇన్ కౌంటర్, లగేజీ, ఆలస్యం, వీల్‌చైర్, రీఫండ్ విమాన సంస్థవి. తనిఖీల దగ్గర ఇబ్బంది భద్రతా విభాగానిది. ఇమిగ్రేషన్ హోం శాఖది, కస్టమ్స్ ఆర్థిక శాఖది. "ఎయిర్‌పోర్టులో మస్తు ఇబ్బంది పెట్టిన్రు" అని అన్నీ ఒకే ఫిర్యాదులో కుక్కితే, ప్రతి ఒక్కరూ "ఇది మా పరిధి కాదు" అని రాసి మూసేస్తారు. రెండు సమస్యలుంటే రెండు వేర్వేరు ఫిర్యాదులు పెట్టాలి.

ఫిర్యాదులో పీఎన్ఆర్, విమానం నంబరు, తేదీ, జరిగిన సమయం, ఏం కావాలో ఒక్క వాక్యం ఉండాలి. బోర్డింగ్ పాసు ఫొటో, సంస్థ పంపిన ఎస్ఎంఎస్ స్క్రీన్‌షాట్, సరుకు పాడైతే దాని ఫొటో జతచేయాలి. ఇంగ్లిష్‌లో రాయడమే మేలు. చదివే అధికారి ఢిల్లీలోనో గురుగ్రామ్‌లోనో కూర్చుని ఉంటారు. ఆవేదన పేజీలకొద్దీ రాస్తే అంకెలు అందులో మునిగిపోతాయి.

ఏం అడగొచ్చో తెలియకుండా అడిగితే సగం పని చెడినట్టే. విమాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ నిబంధనల్లో ఆలస్యానికి నగదు పరిహారం లేదు. రెండున్నర గంటల లోపు ప్రయాణమున్న విమానం 2 గంటలకు మించి ఆలస్యమైతే తిండి, ఫలహారం ఉచితంగా ఇవ్వాలి. 6 గంటలు దాటితే వేరే విమానమో పూర్తి రీఫండో ఎంచుకోవచ్చు. 24 గంటలు దాటినా, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆగినా హోటల్ గది ఇవ్వాలి. నగదు వచ్చేది సమయానికి చెప్పకుండా విమానం రద్దు చేసినప్పుడు. గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపుకు 7,500, ఆపైన 10,000 రూపాయలు. కానీ ఒక మెలిక ఉంది: బేసిక్ ఫేరుకు (పన్నులు, రుసుములు కలపని టికెట్ ధర) ఇంధన ఛార్జీ కలిపితే వచ్చే మొత్తం, ఈ అంకె, రెండింట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. బెంగళూరు టికెట్ బేసిక్ ఫేరు, ఇంధన ఛార్జీ కలిపి 2,800 ఉంటే 2,800 మాత్రమే, 7,500 కాదు. తుపాను, పొగమంచు, ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ) ఆంక్షల వంటి సంస్థ చేతిలో లేని కారణాలైతే అదీ లేదు.

ఇంకో మెలిక మన దగ్గర ఎక్కువ దెబ్బ కొడుతుంది. బుకింగ్‌లో ప్రయాణికుడి ఫోన్ నంబరు సరిగా లేకపోతే పరిహారం ఇవ్వనక్కర్లేదని అదే నిబంధన చెబుతోంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, జడ్చర్లలోనైనా నెట్ సెంటర్‌లో టికెట్ తీయిస్తే అక్కడివాళ్లు తమ నంబరే వేస్తారు. రద్దు సమాచారం వాళ్ల ఫోనుకు పోతుంది, మీరు తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగుతారు. సంస్థ మాత్రం "చెప్పాం" అంటుంది, కాగితం మీద అది నిజమే. టికెట్ ప్రింటు చేతికి రాగానే చూడాల్సింది నంబరు మీదేనా అని. రీఫండ్ విషయంలో మాత్రం ఏజెంటు మీదికి తోసేస్తే ఒప్పుకోవద్దు. ఏజెంటు ద్వారా కొన్నా డబ్బు తిరిగిచ్చే బాధ్యత విమాన సంస్థదే.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పోయే నల్లగొండ, సూర్యాపేట తల్లిదండ్రులకు రెండు మాటలు. వీల్‌చైర్ 48 గంటల ముందే అడిగి, టికెట్‌లో నమోదైందో లేదో చూసుకోవాలి. కౌంటర్ దగ్గర అప్పటికప్పుడు అడిగి ఆలస్యమైతే ఫిర్యాదు నిలవదు. లగేజీ పగిలినా, రాకపోయినా బెల్టు హాలు దాటకముందే సంస్థ కౌంటర్‌లో పీఐఆర్ అనే లగేజీ నష్టం రిపోర్టు రాయించాలి. ఆవకాయ కారిన అట్టపెట్టెను ఇంటికి తెచ్చి ఫొటో తీసి పంపితే, ఎయిర్‌సేవలో మొదట అడిగేది ఆ రిపోర్టు నంబరే. దేశీయ ప్రయాణంలో లగేజీ నష్టానికి సంస్థ బాధ్యత గరిష్ఠంగా 20,000 రూపాయలు. అందుకే బంగారం పెట్టెలో పెట్టొద్దనేది.

సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గరో, దసరాకు రాయికల్ టోల్ దగ్గరో ఇరుక్కుని విమానం తప్పిపోయిందని పెట్టే ఫిర్యాదులకు ఎక్కడా దారి లేదు. సమయం వృథా.

ఎయిర్‌సేవలో పోయిన రెండు మార్కుల్లో మొదటిది "క్లోజ్డ్" అనే మాటకు. జవాబు వచ్చిందని దానర్థం, న్యాయం జరిగిందని కాదు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న ఒక్క వాక్యంతోనూ ఫిర్యాదు మూతపడుతుంది. అయినా ఆ జవాబును ప్రింటు తీసి పెట్టుకోవాలి, తర్వాత సాక్ష్యంగా పనికొస్తుంది. సంస్థ వెబ్‌సైటులో పేరుండే అప్పిలేట్ (పై) అధికారికి ఒకసారి రాసి, అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు కాబట్టి నల్లగొండవాళ్లు నల్లగొండలో, పాలమూరువాళ్లు మహబూబ్‌నగర్‌లో వేసుకోవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. వినియోగదారుల కేసులకున్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఎయిర్‌సేవ కంటే దీనికి కోరలు ఎక్కువ.

రెండో మార్కు పోయింది పెద్ద విషయంలో. టికెట్‌లో యూడీఎఫ్ (ఎయిర్‌పోర్టు వాడుకున్నందుకు ప్రయాణికుడు కట్టే రుసుము) అని ఒక గీత ఉంటుంది. శంషాబాద్‌లో దేశీయ ప్రయాణికుడికి 281 ఉన్న ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 480 అయింది. అది పెరిగిందని ఎయిర్‌సేవలో ఎంత మొత్తుకున్నా ఉపయోగం లేదు. నిర్ణయించేది ఏరా అనే నియంత్రణ సంస్థ, ఐదేళ్లకోసారి. ముందు సంప్రదింపుల పత్రం వెబ్‌సైటులో పెడతారు, సమావేశం జరుపుతారు, రాతపూర్వక అభిప్రాయాలు తీసుకుంటారు, తర్వాత ఉత్తర్వు. పంపేవాళ్లు ఎక్కువగా విమాన సంస్థలు, వాటి సంఘాలు, ఎయిర్‌పోర్టు యాజమాన్యాలు. మామూలు ప్రయాణికుల సంఘం పంపినా తీసుకుంటారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం వాటా ఉన్నాయి. అంటే నాలుగో వంతుకు పైగా జనం సొమ్మే. టికెట్‌లో ఇంకో గీత భద్రతా రుసుముది, అది ఎయిర్‌పోర్టు యాజమాన్యానికి చేరదు. రెండింటినీ కలిపి తిడితే అభిప్రాయం బలహీనపడుతుంది.

ఇదంతా దేవరకద్ర దగ్గర ఎయిర్‌పోర్టు కోసం చూస్తున్నవాళ్లకు ఇంకా ముఖ్యం. రాష్ట్రం చిన్న ఎయిర్‌పోర్టుల కోసం ఎంచిన ఆరు చోట్లలో దేవరకద్ర దగ్గరి అడ్డాకుల మండలం గుడిబండ ఒకటి. 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్ల వరకు మరో ఎయిర్‌పోర్టు రావొద్దని శంషాబాద్ ఒప్పందంలో షరతు ఉంది. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు శంషాబాద్ సంస్థ అంగీకారం కావాల్సి వచ్చింది అందుకే. గుడిబండ అంతకంటే దగ్గర. ఆ షరతు దాటి ఎయిర్‌పోర్టు వచ్చినా, ఏడాదికి 35 లక్షల మందికి మించి రాకపోకలు సాగించని చోటును చట్టం మామూలుగా పెద్ద ఎయిర్‌పోర్టుగా లెక్కించదు, కాబట్టి ఏరా తలుపు మూసుకుంటుంది. మిగిలేది ఎయిర్‌సేవ, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నడిపితే స్థానిక ఎంపీ అధ్యక్షతన ఉండే సలహా కమిటీ. పేరుకు తగ్గట్టే సలహా వరకే దాని అధికారం. బస్సు వేళలు, దారి దీపాలు, టాక్సీ స్టాండ్ వంటివి అక్కడ కదులుతాయి, ఛార్జీలు కదలవు.

పట్టు దొరికేది కట్టకముందు. పర్యావరణ అనుమతికి జిల్లాలోనే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. నోటీసు 30 రోజుల ముందు రావాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరేట్‌లో, జడ్పీ ఆఫీసులో దొరకాలి, సభను వీడియో తీయాలి. సభకు రాలేనివాళ్లు రాసి ఇవ్వొచ్చు. రాసేటప్పుడు వానకాలంలో రన్‌వే నీళ్లు ఏ చెరువులోకి పోతాయి, ఏ బండ్ల బాట మూసుకుపోతుంది, బదులుగా ఏ దారి ఇస్తారు అని సర్వే నంబర్లతో అడగాలి. సభలో లేవనెత్తిన ప్రతిదానికీ తుది నివేదికలో జవాబు చేర్చాల్సి ఉంటుంది. ఎయిర్‌సేవలో వచ్చే "చింతిస్తున్నాం" అక్కడ సరిపోదు.