వెనిస్‌లో వాపొరెత్తో: ఏ పాస్ కొనాలన్నది కాదు, ఎప్పుడు మొదలెట్టాలన్నదే లెక్క

వెనిస్‌లో వాపొరెత్తో అంటే సిటీ బస్సే, కాకపోతే రోడ్డుకి బదులు కాలువ. కార్లూ బస్సులూ పియత్సాలే రోమా దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి నడకైనా కావాలి, పడవైనా కావాలి. నలుగురైదుగురు ఫ్రెండ్స్ కలిసి రెండు మూడు రోజులకి వెళ్లేవాళ్లు మొదటి పొరపాటు అక్కడే చేస్తారు. ఊరంతా నీళ్లే కదా అని 72 గంటల పాస్ కొనేసి, ఆ తర్వాత రోజంతా సందుల్లో నడుస్తూ తిరుగుతారు.

2025 ధరల ప్రకారం 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు. 24 గంటల పాస్ 25, 48 గంటలది 35, 72 గంటలది 45, వారానిది 65. మూడు సార్లు ఎక్కితే విడి టికెట్లకే 28.50 అవుతుంది కాబట్టి, మూడోసారికే 24 గంటల పాస్ గిట్టుబాటైపోతుంది. రెండే సార్లయితే దండగ. 75 నిమిషాల టికెట్ మీద బోట్లు మారొచ్చు గానీ, వెళ్లిన దారినే వెనక్కి రావడానికి కుదరదు. పాస్ ఎవరిది వాళ్లకే ఉండాలి, ఒకే కార్డుని చేతులు మార్చుకుని వాడటం చెల్లదు. వయసు 6 నుంచి 29 మధ్య ఉన్నవాళ్లకి రోలింగ్ వెనిస్ అనే కార్డు ఉంది. దానికి 6 యూరోలు, దాంతో 72 గంటల పాస్ 27కే వస్తుంది. మొత్తం 33. గుంపంతా ముప్పై లోపు వాళ్లే అయి మూడు రోజులు ఉండేట్టయితే మాత్రం కళ్లు మూసుకుని అదే తీసుకోవచ్చు.

మిగతావాళ్లకి మా ఓటు 24 గంటల పాస్‌కే. ఇందులో చాలామంది వాడుకోని సంగతొకటుంది. ఆ 24 గంటలు క్యాలెండర్ రోజు కాదు, మొదటిసారి మెషీన్‌కి ఆనించిన నిమిషం నుంచి లెక్క. పొద్దున పదింటికి మొదలెడితే ఒక పగలు, ఒక రాత్రి వస్తాయి. ఆ రాత్రి సగం నిద్రకే పోతుంది. అదే సూర్యాస్తమయానికి గంట ముందు మొదలెడితే ఆ సాయంత్రం, రాత్రి లైట్లలో ఊరు, మర్నాడు పగలంతా దీవులు, మూడూ ఒకే పాస్‌లో పట్టేస్తాయి.

మొదటి ప్రయాణం పియత్సాలే రోమా నుంచి 1వ నంబరు బోటులో. అది పోయే గ్రాండ్ కెనాల్, అంటే ఊరి మధ్యలోంచి సాగే పెద్ద కాలువ, పొడవు 4 కిలోమీటర్లకి కాస్త తక్కువ. 1వ నంబరు దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతుంది కాబట్టి ఊరి ప్రధాన చౌకు సాన్ మార్కో చేరడానికి ముప్పావుగంట దాకా పడుతుంది. రైల్వే స్టేషన్ నుంచి నడిచినా దాదాపు అంతే సేపు, అందుకే దీన్ని రవాణాగా కాకుండా టూర్‌గా చూడాలి. బోటు పియత్సాలే రోమాలోనే బయల్దేరుతుంది కాబట్టి సీట్లు దొరికే అవకాశం ఎక్కువ, తర్వాతి రేవైన స్టేషన్ దగ్గరికొచ్చేసరికే నిండిపోతుంది. క్యాబిన్ లోపల కూర్చుంటే మసక అద్దాలు, ఎదుటివాళ్ల తలలు తప్ప ఏమీ కనిపించవు. నేరుగా చివరిదాకా నడిచి, వెనక ఆరుబయట ఉన్న కాసిని సీట్లు పట్టుకోవాలి. ఎడమవైపు కా దోరో మేడ, 1591లో పూర్తయిన రియాల్తో వంతెన దాటాక కుడివైపు కా రెద్జోనికో మేడ, చివర్లో సాల్యూతే చర్చి గుమ్మటం వస్తాయి. 1630 నాటి ప్లేగు మొక్కుగా కట్టిన చర్చి అది.

తప్పు జరిగేది 2వ నంబరుతో. పియత్సాలే రోమాలో 2వ నంబరు రెండు దిక్కులకీ పోతుంది, రెండు దిక్కుల్లోనూ చివరికి సాన్ మార్కో వైపే చేరుస్తుంది. ఒకటి రియాల్తో మీదుగా, రెండోది త్రోంకెత్తో, జుదెక్కా దీవుల మీదుగా చుట్టి. నంబరు మాత్రమే చూసి ఎక్కినవాళ్లు గ్రాండ్ కెనాల్ కోసం ఎదురుచూస్తూనే వెడల్పాటి జుదెక్కా కాలువలో తేలతారు. బోటు నంబరుతో పాటు రేవు మీద రాసిన దిక్కు పేరు కూడా చదవాలి. పెద్ద రేవుల్లో ప్లాట్‌ఫారాలు నాలుగైదు దాకా ఉంటాయి, ఇంగ్లిష్ అక్షరాలతో గుర్తులు పెట్టి ఉంటాయి. ముఖ్యంగా సాన్ మార్కో పక్కనున్న సాన్ జక్కరియా రేవులో ఒక చివర నిలబడి రెండో చివర వచ్చిన బోటు కోసం పరుగెత్తడం మామూలే.

ఎక్కేముందు ప్రతిసారీ కార్డుని మెషీన్‌కి ఆనించాలి. పాస్ ఉన్నా సరే, ఆనించకుండా ఎక్కి చెకింగ్‌లో దొరికితే జరిమానాయే. రేవు కూడా నీళ్ల మీదే తేలుతుంటుంది కాబట్టి, లోపల నిలబడ్డప్పుడు కదులుతున్నది బోటా, మనమా అన్న అనుమానం వస్తుంది. బోటు ఆనేలోపే అంచున నిలబడ్డ మనిషి తాడుని రేవు మీది ఇనుప గుంజకి తగిలించి, రెండో కొసని బోటు మీది గుంజకి ఎనిమిది అంకెలా చుట్టేస్తాడు. ఇంజను ఆగదు. ముందుకి నెడుతూ ఆ తాడు ఆసరాతోనే బోటుని రేవుకి అదిమిపెడుతుంది. తాడు కిర్రుమని బిగిశాకే గేటు పక్కకి జరుపుతాడు. ముందు దిగేవాళ్లకి దారివ్వాలి, వీపు మీది బ్యాగు తీసి చేత్తో పట్టుకోవాలి. అది తీయనివాళ్లకి చుట్టూ ఉన్న వెనిస్ పెద్దవాళ్ల నుంచి ఒక చూపు ఖాయం.

మర్నాడు పొద్దున్నే దీవులు. ఫొందమెంతే నోవే రేవు నుంచి 12వ నంబరు మురానో మీదుగా బురానోకి వెళ్తుంది, దాదాపు ముప్పావుగంట. అగ్గి భయంతో 1291లో గాజు కొలుములన్నిటినీ మురానోకి తరలించారు. అక్కడ ఒక కొలిమిని చూస్తే చాలు, దాన్ని ఆనుకున్న షాపుల్లో గంటలు పోగొట్టుకోవడం బుద్ధి తక్కువ. బురానోకి వెళ్లేటప్పుడు ఒక రేవు ముందే, మజ్జొర్బోలో దిగండి. చిన్న వంతెన దాటితే బురానో రంగుల ఇళ్లు వెనకవైపు నుంచి మొదలవుతాయి, జనం కూడా పల్చగా ఉంటారు. తిరుగు బోటుకి సాయంత్రం నాలుగు దాకా ఆగితే క్యూ రేవు దాటి బయటికొస్తుంది, ఒక బోటు వదులుకోక తప్పకపోవచ్చు. భోజనం అవగానే బయల్దేరడం మేలు.

పాస్‌లో ఇంకా టైముంటే సాన్ జక్కరియా నుంచి 2వ నంబరులో ఒక్క రేవు అవతల సాన్ జోర్జో మజ్జోరే దీవి ఉంది. అక్కడున్నది ఆర్కిటెక్ట్ పల్లాదియో గీసిన చర్చి, 1566లో మొదలైంది. దాని గంట గోపురానికి లిఫ్టుంది, టికెట్ వేరే. సాన్ మార్కో గోపురం ఎక్కితే ఆ గోపురమే కనిపించదు కదా, ఇక్కడి నుంచి దాంతో సహా సాన్ మార్కో మొత్తం ఎదురుగా ఉంటుంది. మా లెక్కలో పాస్‌కి పెట్టిన డబ్బులో మంచి వాటా ఈ ఒక్క రేవుకే దక్కుతుంది.

ఈ పాస్‌తో కానివి కొన్ని ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే అలీలగూనా బోట్లు వేరే కంపెనీవి, అందులో చెల్లదు. గొందొలా సంగతి వేరే: పగలు 30 నిమిషాలకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. ఇది మనిషికి కాదు, పడవకి. ఐదుగురి దాకా ఎక్కొచ్చు కాబట్టి పగలైతే తలకి 18 పడుతుంది. ఇద్దరే అయితే ఆలోచించాలి, ఐదుగురైతే అక్కర్లేదు. అదీ వద్దనుకుంటే త్రాగెత్తో ఉంది. వంతెన లేని చోట గ్రాండ్ కెనాల్‌ని అడ్డంగా దాటించే గొందొలా, బయటివాళ్లకి 2 యూరోలు. రియాల్తో మార్కెట్ ఒడ్డు నుంచి సాంతా సొఫీయాకి రెండు నిమిషాల ప్రయాణం.

రాత్రి బస లేకుండా ఒక్క రోజుకి వచ్చిపోయేవాళ్లు, వసంతం నుంచి వేసవి దాకా నగరపాలక సంస్థ ఎంచిన కొన్ని తేదీల్లో ప్రవేశ రుసుము కట్టాలి. ముందుగా కడితే 5 యూరోలు, వచ్చే తేదీకి ముందు ఆఖరి రోజుల్లో కడితే 10. హోటల్లో ఉండేవాళ్లకి లేదు గానీ, మినహాయింపు కోడ్ మాత్రం ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని ఫోన్‌లో ఉంచుకోవాలి.

నీళ్లు బాగా పెరిగితే తక్కువ ఎత్తు వంతెనల కింద దూరలేక కొన్ని లైన్లు దారి మారుస్తాయి. చలికాలం పొగమంచు కమ్మినా అంతే. రేవు బోర్డు మీద షోపెరో అన్న మాట కనిపిస్తే అది సమ్మె నోటీసు, తేదీ, గంటలు కిందే ఉంటాయి. అలాంటి రోజు కొన్న పాస్‌ని మెషీన్ దగ్గరికి తీసుకెళ్లకుండా జేబులోనే ఉంచి ఊళ్లో నడవండి. ఆనించేదాకా గడియారం మొదలవదు.