"ఇమ్యూనిటీ బూస్టర్" ప్రోబయోటిక్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక

మా అన్నయ్యకు కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ అయింది. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా రోజూ రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వేసుకుంటాడు. మాటిమాటికీ జలుబు చేస్తోందని నేనే ఆన్‌లైన్‌లో ఒక ప్రోబయోటిక్ డబ్బా తెప్పించాను. దాని మీద పెద్ద అక్షరాలతో "ఇమ్యూనిటీ బూస్టర్, అందరికీ సురక్షితం" అని ఉంది.

మూత తీస్తే క్యాప్సూల్స్ మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. లేబుల్ మీద "లాక్టోబాసిల్లస్ 5,000 కోట్లు" అని తప్ప అది ఏ స్ట్రెయినో (ఆ బ్యాక్టీరియాలో కచ్చితంగా ఏ రకమో) లేదు. కింద చిన్న అక్షరాల్లో "తయారీ సమయానికి" అని ఉంది. వేడికీ తేమకూ చచ్చిపోయే బ్యాక్టీరియా అది. మన చేతికొచ్చేసరికి ఎన్ని బతికున్నాయో ఎవరు చెప్పాలి?

ఎందుకో అనుమానమొచ్చి డాక్టరుగారికి ఫోటో పంపాను. "ఒక్కటి కూడా వేయొద్దు" అన్నారు. ప్రోబయోటిక్ అంటే బతికున్న సూక్ష్మజీవులు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అవి సాధారణంగా పేగు గోడ దాటవు. రక్షణ తగ్గినవాళ్లలో మాత్రం, అరుదుగానైనా, రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన ఒక బిడ్డ, తనకు ఇచ్చిన ప్రోబయోటిక్ బ్యాక్టీరియాయే రక్తంలో చేరి చనిపోవడంతో 2023లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. అది చదివాక నాకు చేతులు వణికాయి.

అసలు "ఇమ్యూనిటీ పెంచడం" అన్న మాటే తప్పుదారి పట్టిస్తుంది. మన రక్షణ కణాలు పేగుల్లో పెద్ద సంఖ్యలో ఉంటాయి. అక్కడి బ్యాక్టీరియా ఒక్కోసారి ఐజీఏ యాంటీబాడీలు (పేగు లోపలి పొరను కాపాడేవి) ఎక్కువ తయారయ్యేలా చేస్తాయి, ఒక్కోసారి ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచే టి కణాలను పెంచుతాయి. పెంచడమూ ఉంది, తగ్గించడమూ ఉంది. అదీ స్ట్రెయిన్‌ను బట్టే. యాంటీబయోటిక్స్ వల్ల వచ్చే విరేచనాలకు లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అనే స్ట్రెయిన్ మీద పరీక్షలు జరిగాయి. ఆ ఫలితాన్ని పేరులేని లాక్టోబాసిల్లస్‌కు అంటగట్టడం కుదరదు.

డబ్బు వెనక్కి అడిగితే "సీల్ తీశారు, కుదరదు" అన్నారు. సీల్ తీయకుండా లోపల ముద్దకట్టిందని ఎలా తెలుస్తుంది? నేను పెట్టిన రివ్యూ కూడా మర్నాటికి కనబడలేదు.

ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు, సెంట్రల్ లైన్ (మందుల కోసం పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉన్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే దయచేసి ముందు లేబుల్‌ను డాక్టరుకు చూపించండి. మిగతావాళ్లు కొనేముందు స్ట్రెయిన్ పేరు పూర్తిగా ఉందా, లెక్క ఎక్స్‌పైరీ తేదీ వరకు ఇచ్చారా అని చూడండి.